సీటీ తీశాక మళ్లీ పెట్-సీటీ ఎందుకు రాస్తారు?

పలమనేరు నుంచి మీరు అడిగిన విషయాన్ని మిగతా పాఠకుల కోసం ముందుగా క్లుప్తంగా చెబుతాను. 62 ఏళ్ల మీ నాన్నగారికి కుడి ఊపిరితిత్తి పై భాగంలో 2.8 సెంటీమీటర్ల గడ్డ ఉందని పది రోజుల కిందట తీసిన సీటీలో తెలిసింది. ముక్క పరీక్షలో అది క్యాన్సరేనని, అడినోకార్సినోమా రకమని తేలింది. అదే సీటీ రిపోర్టులో ఛాతీ మధ్యలో 12 మిల్లీమీటర్ల లింఫ్ గ్రంథి ఒకటి, మూత్రపిండం పైన ఉండే ఎడమ అడ్రినల్ గ్రంథి మీద చిన్న బుడిపె ఒకటి కనిపించాయని రాశారు. తిరుపతిలో చూసిన డాక్టరుగారు ఆపరేషన్ మాట ఎత్తే ముందు పెట్-సీటీ తీయించుకు రమ్మన్నారు. సీటీ ఉండగా మళ్లీ సీటీ కలిసిన స్కాన్ దేనికని, పెట్ ఒక్కటే తీయించి పాత సీటీతో పోల్చి చూడకూడదా అని, షుగర్ ఉన్నవారికి ఇది సరిగా వస్తుందా అని మీ సందేహాలు. పదిహేనేళ్ల కిందట ఆయన టీబీకి మందులు వాడారని చివర్లో ఒక్క వాక్యం రాశారు. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన వాక్యం అదే, దాని గురించి వివరంగా చెబుతాను.

తిరుపతిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో చాలా ఏళ్లుగా ఈ స్కాన్‌లు చదువుతున్న డాక్టరుగా సూటిగా ఒక మాట చెప్పాలి. మీ డాక్టరుగారు రాసింది అనవసరమైన పరీక్ష కాదు, అలాగని ఆ ఒక్క స్కాన్ రిపోర్టుతోనే ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది తేల్చేయడమూ సరికాదు. ఈ రెండింటికీ కారణం ఒకటే. సీటీ చూపేది నిర్మాణాన్ని, పెట్ చూపేది జీవక్రియను. ఈ రెండూ ఒకదాని లోపాన్ని ఒకటి సరిదిద్దుకున్నప్పుడే ఈ స్కాన్‌కు విలువ.

సీటీలో ఎక్స్-రే కిరణాలు శరీరంలోని ఏ భాగంలో ఎంత ఆగిపోయాయో లెక్కగట్టి బొమ్మ తయారవుతుంది. గడ్డ ఎక్కడుంది, ఎంత ఉంది, దేనికి ఆనుకుని ఉంది, అందులో సున్నపు పదార్థం ఉందా, కొవ్వు ఉందా అన్నవి అది ఎంతో స్పష్టంగా చెబుతుంది. అయితే లింఫ్ గ్రంథి దగ్గరికి వచ్చేసరికి దానికి ఉన్న ప్రధాన కొలమానం పరిమాణమే. ఛాతీలో గ్రంథి అడ్డు కొలత 1 సెంటీమీటరు దాటితే అనుమానించాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న నియమం. కానీ 7 మిల్లీమీటర్ల గ్రంథిలో క్యాన్సర్ కణాలు చేరి ఉండవచ్చు, 15 మిల్లీమీటర్ల గ్రంథి పాత ఇన్‌ఫెక్షన్ వల్ల ఉబ్బి ఉండవచ్చు. మీ నాన్నగారి 12 మిల్లీమీటర్ల గ్రంథి ఈ రెండింటిలో ఏదైనా కావచ్చు. ఎంత మంచి సీటీ అయినా కొలతను మాత్రమే చూసి ఆ తేడా చెప్పలేదు.

పెట్ స్కాన్‌లో సాధారణంగా వాడేది ఎఫ్‌డీజీ, అంటే ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలించిన గ్లూకోజు లాంటి పదార్థం. చాలా రకాల క్యాన్సర్ కణాలు మామూలు కణాల కంటే గ్లూకోజును ఎక్కువగా లాక్కుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. ఎఫ్‌డీజీ కూడా గ్లూకోజు వెళ్లే దారిలోనే కణంలోకి వెళుతుంది, హెక్సోకైనేజ్ అనే ఎంజైము దానికి ఫాస్ఫేటును జోడిస్తుంది, అక్కడి నుంచి ముందుకు మాత్రం సాగలేక కణంలోనే ఉండిపోతుంది. సూదిమందు ఇచ్చి గంటసేపు ఆగడం అందుకే. ఫ్లోరిన్-18 విడుదల చేసిన పాజిట్రాన్ పక్కనున్న ఎలక్ట్రాన్‌తో కలిసి అంతరించినప్పుడు 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు ఎదురెదురు దిశల్లో బయటికి వస్తాయి. చుట్టూ ఉన్న డిటెక్టర్లు ఆ జంటలను పట్టుకుని అవి ఎక్కడి నుంచి వచ్చాయో గుర్తిస్తాయి, ఎఫ్‌డీజీ ఎక్కువగా చేరిన చోటు బొమ్మలో వెలుగుతుంది. ఇలా మనుషులకు ఎఫ్‌డీజీ ఇచ్చి మొదటిసారి చూసింది 1976లో, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో.

అయితే పెట్ బొమ్మ ఒక్కటే చేతిలో ఉంటే అక్కడా చిక్కే. ఛాతీ మధ్యలో ఒక చుక్క వెలుగుతుంది, అది అన్నవాహికలోనా, లింఫ్ గ్రంథిలోనా, గుండె గోడలోనా అన్నది ఆ బొమ్మలో తెలియదు. కడుపులో వెలిగింది పేగా, మూత్రనాళంలో దిగుతున్న మందా అని తేల్చడం కష్టం. అందుకే రెండు బొమ్మలనూ కలిపే ప్రయత్నాలు జరిగాయి. వేర్వేరు రోజుల్లో తీసిన సీటీనీ పెట్‌నూ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పరచడం, అంటే మీరు అడిగిన పద్ధతే, మొదట వచ్చింది. తల విషయంలో అది బాగానే కుదిరింది, ఎందుకంటే పుర్రె లోపల మెదడు కదలదు. ఛాతీ, పొట్ట దగ్గర కుదరలేదు. ఊపిరి ఒక్కోసారి ఒక్కో తీరున తీస్తాం, పేగులు కదులుతుంటాయి, మూత్రాశయం నిండుతుంది, పడుకునే భంగిమ మారుతుంది. 1 సెంటీమీటరు గ్రంథి విషయంలో 1 సెంటీమీటరు అటూ ఇటూ అయితే చెప్పేది మొత్తం మారిపోతుంది. డేవిడ్ టౌన్‌సెండ్, రాన్ నట్ అనే ఇద్దరు నిపుణులు రెండు యంత్రాలనూ ఒకే వరుసలో పెట్టి, రోగి బల్ల మీద నుంచి కదలకుండానే రెండు స్కాన్‌లూ అయ్యేలా తయారుచేసిన తొలి నమూనా 1998లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పనిచేయడం మొదలుపెట్టింది. 2001 నాటికి అలాంటి యంత్రాలు ఆసుపత్రులకు వచ్చాయి.

ఆ సీటీ వల్ల మరో ప్రయోజనం ఉంది, దీని గురించి రోగులకు సాధారణంగా ఎవరూ చెప్పరు. శరీరం లోతుల నుంచి వచ్చే గామా కిరణాల్లో చాలా భాగం దారిలోనే ఆగిపోతాయి, కాబట్టి లోపలి భాగాలు ఉన్నదానికంటే మసకగా కనిపిస్తాయి. ఏ చోట ఎంత ఆగిపోయి ఉంటాయో సీటీ చెబుతుంది, దాన్నిబట్టి పెట్ బొమ్మను సరిచేస్తారు. ఇదివరకు ఈ దిద్దుబాటుకే విడిగా రేడియోధార్మిక కడ్డీలను తిప్పుతూ చాలా నిమిషాలు వెచ్చించేవారు, సీటీతో అది నిమిషం లోపే అయిపోతుంది. అంటే పెట్-సీటీలోని సీటీ తీసేస్తే పెట్ బొమ్మే సరిగా నిలవదు. పాత సీటీ ఉంది కదా అని దీన్ని వదిలేయలేకపోవడానికి అసలు కారణం ఇది.

ఈ దిద్దుబాటు వల్ల వచ్చే పొరపాట్లు కూడా ఉన్నాయి, చదివేవారు వాటిని వెతకాలి. కృత్రిమ తుంటి కీలు, పళ్లలో లోహపు నింపకం ఉన్నచోట దిద్దుబాటు ఎక్కువై లేని వెలుగు పుట్టుకొస్తుంది. అప్పుడు దిద్దని బొమ్మను కూడా తెరిచి చూసుకోవాలి. అలాగే సీటీ కొన్ని క్షణాల్లో అయిపోతుంది, పెట్ ఒక్కో భాగం దగ్గర కొన్ని నిమిషాలు సాగుతుంది, ఆ కాసేపట్లో మనిషి ఎన్నోసార్లు ఊపిరి తీసి వదులుతాడు. కాలేయం పై అంచున ఉన్న మచ్చ కలిపిన బొమ్మలో ఊపిరితిత్తి అడుగున ఉన్నట్టు కనబడటం దీనివల్లే. ఊపిరితిత్తి క్యాన్సర్ రోగిలో అది అవతలి అవయవానికి పాకిన మచ్చా, ఊపిరితిత్తిలోదేనా అన్నది చికిత్సనే మార్చే విషయం కాబట్టి, వేరుగా సీటీలో ఆ చోట నిజంగా మచ్చ ఉందో లేదో చూడకుండా రిపోర్టు రాయకూడదు.

ఇక మీ నాన్నగారి విషయానికి వస్తాను. మొదట అడ్రినల్ బుడిపె. ఈ వయసులో అడ్రినల్ మీద అపాయం లేని బుడిపెలు చాలామందికి ఉంటాయి, ఊపిరితిత్తి క్యాన్సర్ పాకే చోట్లలో అడ్రినల్ కూడా ఒకటి. ఒకవేళ అది పాకినదే అయితే వ్యాధి నాలుగో దశ కిందికి వస్తుంది, ఆపరేషన్ ఆలోచనే మారిపోతుంది. ఇక్కడ రెండు స్కాన్‌లూ కలిసి పనిచేసే తీరు చూడండి. కాంట్రాస్ట్, అంటే బొమ్మ స్పష్టంగా రావడానికి రక్తనాళంలోకి ఎక్కించే మందు, ఇవ్వని సీటీలో ఆ బుడిపె సాంద్రత 10 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో సాంద్రతను కొలిచే ప్రమాణం) లోపు ఉంటే అందులో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు, అది అపాయం లేని అడినోమా అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. పెట్‌లో దాని వెలుగు కాలేయం కంటే మించకపోతే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది. మీ పాత సీటీ కాంట్రాస్ట్ ఇచ్చి తీసింది అయితే ఈ సాంద్రత లెక్క అందులో దొరకదు. పెట్-సీటీలో కాంట్రాస్ట్ లేకుండా తీసే తక్కువ మోతాదు సీటీలో దొరుకుతుంది.

రెండోది ఛాతీ మధ్యలోని గ్రంథి, ఇక్కడే టీబీ మాట వస్తుంది. ఎఫ్‌డీజీ వెలిగిన ప్రతిదీ క్యాన్సర్ కాదు. వాపు ఉన్నచోట చేరే తెల్ల రక్తకణాలు, మాక్రోఫేజ్‌లు కూడా గ్లూకోజును గట్టిగానే వాడుకుంటాయి. టీబీ, సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బు, ఫంగస్ ఇన్‌ఫెక్షన్లు క్యాన్సర్‌తో సమానంగా వెలుగుతాయి. టీబీ ఇంతగా ఉన్న మన దేశంలో, పాశ్చాత్య దేశాల పుస్తకాల్లోని లెక్కలను ఛాతీ గ్రంథులకు ఉన్నదున్నట్టు వర్తింపజేయడం ప్రమాదమని నేను గట్టిగా నమ్ముతాను. మందులు వాడి నయమై ఏళ్లు గడిచినా కొందరిలో ఆ గ్రంథులు వెలుగుతూనే ఉంటాయి. అప్పుడు మళ్లీ సీటీయే ఆదుకుంటుంది. గ్రంథిలో సున్నం పేరుకుని ఉండటం, సాంద్రత ఎక్కువగా ఉండటం, రెండు వైపులా సమానంగా వెలగడం లాంటివి పాత ఇన్‌ఫెక్షన్ వైపు మొగ్గేలా చేస్తాయి. గడ్డ ఉన్న వైపునే ఒక్క గ్రంథి, సున్నం లేకుండా, గడ్డతో సమానంగా వెలిగితే అనుమానం క్యాన్సర్ వైపు పోతుంది. ఏ వైపు పోయినా అది అనుమానమే. స్కాన్‌లో గ్రంథి వెలిగిందన్న ఒక్క కారణంతో, ముక్క తీసి రుజువు చేయకుండా, నయమయ్యే అవకాశం ఉన్న మనిషికి ఆపరేషన్ లేదని చెప్పకూడదు. శ్వాసనాళంలోకి గొట్టం పంపి, అల్ట్రాసౌండ్‌తో చూస్తూ గ్రంథిలోకి సూది దించే పద్ధతి ఉంది, దాన్ని ఈబస్ అంటారు. పెట్-సీటీ చేసే మేలు ఏమిటంటే సూది ఏ గ్రంథిలోకి దించాలో చూపడం.

వెలగకపోతే? అప్పుడు ముందుగా గడ్డ ఎంత వెలిగిందో చూడాలి. అడినోకార్సినోమాలో నెమ్మదిగా పెరిగే కొన్ని రకాలు ఎఫ్‌డీజీని పెద్దగా తీసుకోవు. గడ్డే మసకగా ఉంటే, గ్రంథి మసకగా ఉందన్న మాటతో ధైర్యం తెచ్చుకోవడానికి లేదు. గడ్డ బాగా వెలిగి గ్రంథి వెలగకుండా ఉంటే మాత్రం అది నిజంగా మంచి కబురు. అయినా సీటీలో 1 సెంటీమీటరు దాటిన గ్రంథి కాబట్టి ఆపరేషన్‌కు ముందు సూది పరీక్ష చేయించమనే డాక్టర్లు ఎక్కువ, నేనూ దాన్నే సమర్థిస్తాను.

రిపోర్టులో ఎస్‌యూవీ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని పట్టుకుని ఇంట్లో అందరూ రాత్రంతా మథనపడతారు. ఇచ్చిన మందు శరీరమంతా సమానంగా పరుచుకుంటే అది 1 వస్తుంది, ఒక చోట 6 ఉంటే అక్కడ సగటు కంటే ఆరు రెట్లు చేరిందని అర్థం. రక్తంలో చక్కెర, బరువు, సూదికీ స్కాన్‌కూ మధ్య గడిచిన సమయం, యంత్రం తీరు అన్నీ ఆ అంకెను మారుస్తాయి. 2.5 దాటితే క్యాన్సర్, దాటకపోతే కాదు అన్న లెక్క ఎక్కడా లేదు. రెండు వేర్వేరు కేంద్రాల్లో వచ్చిన అంకెలను పోల్చి జబ్బు పెరిగిందనో తగ్గిందనో అనుకోవద్దు.

ఇంత శ్రమ పడటం వల్ల ఒరిగేదేమిటని అడగవచ్చు. నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనం ఒకటి 2002లో వెలువడింది. ఊపిరితిత్తి క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు మామూలు పరీక్షలకు పెట్ కూడా చేర్చినప్పుడు, ప్రతి ఐదుగురిలో ఒకరికి ఫలితం లేని ఛాతీ ఆపరేషన్ తప్పింది. అప్పటికి వారు వాడింది సీటీ కలపని పెట్. లింఫోమాలో, అంటే లింఫ్ వ్యవస్థకు వచ్చే క్యాన్సర్‌లో, ఇంకో రకం మేలు ఉంది. చికిత్స తర్వాత సీటీలో గడ్డ కొంత మిగిలే ఉంటుంది, అది మచ్చకట్టిన కణజాలమా, బతికున్న జబ్బా అన్నది వెలుగును రక్తనాళంతోనూ కాలేయంతోనూ పోల్చి ఐదు మెట్ల డోవిల్ కొలమానంతో చెబుతాం. తల, మెడ క్యాన్సర్లలో 564 మందితో బ్రిటన్‌లో చేసి 2016లో ప్రకటించిన అధ్యయనంలో, రేడియేషన్, కీమో అయిన 12 వారాలకు పెట్-సీటీ తీసి అవసరమైనవారికే మెడ ఆపరేషన్ చేస్తే 54 ఆపరేషన్లతో సరిపోయింది. ముందే అనుకున్నట్టు అందరికీ చేసే పద్ధతిలో 221 అయ్యాయి. బతికిన కాలంలో మాత్రం తేడా రాలేదు.

ఈ స్కాన్ చూడలేనివీ తెలుసుకోండి. మెదడు సహజంగానే గ్లూకోజును విపరీతంగా వాడుతుంది, ఆ వెలుగులో చిన్న మచ్చలు కనిపించవు. కాబట్టి మీ డాక్టరుగారు మెదడుకు ఎంఆర్ఐ విడిగా రాస్తే, పెట్-సీటీ అయింది కదా అని మానకండి. ఊపిరితిత్తిలో 8 మిల్లీమీటర్ల లోపు బుడిపెలను పెట్ తరచుగా దాటేస్తుంది, వాటికి ఊపిరి బిగబట్టించి పలచని ముక్కలుగా తీసిన మీ పాత సీటీయే మేలు. దానికి పెట్టిన డబ్బు వృథా కాలేదు.

షుగర్ విషయం. రక్తంలో గ్లూకోజు ఎక్కువగా ఉంటే అది ఎఫ్‌డీజీతో పోటీ పడి క్యాన్సర్ కణాల్లోకి వెళ్లే మందును తగ్గిస్తుంది. సూది ఇచ్చే సమయానికి చక్కెర 200 లోపు ఉండాలని సాధారణంగా చూస్తారు. ఇన్సులిన్ వేసుకున్న వెంటనే అయితే మందంతా కండరాల్లోకి పోతుంది, కాబట్టి త్వరగా పనిచేసే రకం వేసుకుంటే కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వల్ల పేగులు బాగా వెలిగి పొట్ట భాగం చదవడం కష్టమవుతుంది, కొన్ని కేంద్రాల్లో 48 గంటల ముందు ఆపమంటారు. మీ అంతట మీరు ఆపకుండా షుగర్ చూసే డాక్టరును అడిగి ఆపండి. కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగవచ్చు. పలమనేరు నుంచి తెల్లవారుజామున బయలుదేరి చిత్తూరు దగ్గర బండి ఆపి ఇడ్లీ తిని, కాఫీ తాగి వచ్చేవారిని మేం వెనక్కి పంపాల్సి వస్తుంది. ప్రసాదమే కదా అని లడ్డు ముక్క నోట్లో వేసుకున్నా ఇబ్బందే.

తిరుపతికి వస్తున్నాం కదా, ముందు స్వామి దర్శనం చేసుకుందామని అనుకోవడం సహజం. అలిపిరి మెట్లు ఎక్కి వెళ్లిన మరునాడు స్కాన్ తీస్తే తొడలు, పిక్కలు, నడుము కండరాలు వెలుగుతాయి, మిగతా చోట్లకు చేరే మందు తగ్గుతుంది. ముందు రోజంతా ఎక్కువ నడక, బరువు పనులు వద్దు. దర్శనం స్కాన్ అయ్యాక పెట్టుకోండి.

సూది ఇచ్చాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోమంటారు. మాట్లాడితే స్వరపేటిక వెలుగుతుంది, నమిలితే దవడ కండరాలు వెలుగుతాయి. చలి వేస్తే మెడ దగ్గర గోధుమరంగు కొవ్వు వెలిగి లింఫ్ గ్రంథులను పోలుతుంది, అందుకే దుప్పటి కప్పుతాం. చలిగా ఉంటే మొహమాటపడకుండా అడగమని నాన్నగారికి చెప్పండి.

ఇచ్చిన సమయానికి రావడం చాలా అవసరం. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగం అవుతుంది. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం వేరే ఊళ్లో ఉండి, అక్కడి నుంచి రోడ్డు మీద తెప్పించుకునే చోట, బయలుదేరిన 3 గంటల 40 నిమిషాలకు మిగిలేది నాలుగో వంతే. మీరు గంట ఆలస్యమైతే దాచి ఉంచే వీలు లేదు.

ఇంట్లో చిన్న పిల్లలున్నారన్నారు. 10 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీ వల్ల సుమారు 7 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతుంది, సీటీ వల్ల మరికొంత. మనందరికీ ప్రకృతి నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 పడుతుంది. క్యాన్సర్ చికిత్స నిర్ణయించాల్సిన మనిషికి ఇది వెనకాడాల్సినంత మోతాదు కాదు. నీళ్లు బాగా తాగి తరచూ మూత్రానికి వెళితే మందు త్వరగా బయటికి పోతుంది. ఆ సాయంత్రం వరకు పసిపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకోకుండా, గర్భిణులకు కొంచెం దూరంగా ఉంటే చాలు. బస్సులో వెళ్లేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. 18 గంటలకు మిగిలేది సుమారు వెయ్యో వంతు.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు పాత సీటీ ఫిల్ములు, రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకెళ్లండి, కొలతలు సరిపోల్చాలంటే అదే కావాలి. ముక్క పరీక్ష ఎప్పుడు చేశారో చెప్పండి, సూది గుచ్చిన చోట వాపు కూడా వెలగవచ్చు. పాత సీటీ కాంట్రాస్ట్ ఇచ్చి తీసిందైతే ఆ మాట చెప్పి, తక్కువ మోతాదు సీటీతో సరిపోతుందా అని అడగండి. ఖర్చు విషయంలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలవండి. టీబీ మందులు ఏ సంవత్సరంలో, ఎన్ని నెలలు వాడారో, అప్పటి ఎక్స్-రే ఏమైనా ఉందో పాత కాగితాలు వెతికి, స్కాన్ చదివే డాక్టరుకే నేరుగా చూపించండి. ఆ గ్రంథి గురించి రిపోర్టులో రాసే వాక్యం వాటి మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.